పెద్ద పనులకి కదలని కారు

ఆ కారు తలుచుకుంటే నాకిప్పటికీ రక్తపోటు పెరుగుతుంది. మా డాక్టరుగారు ఆవకాయ మానెయ్యమన్నారు, అప్పడాలు మానెయ్యమన్నారు, కోపం తగ్గించుకోమన్నారు. కారు గురించి తలుచుకోవడం మానెయ్యమని మాత్రం ఆయనకి తట్టలేదు. ఆ ఒక్కటీ తట్టి ఉంటే ఈపాటికి ఆవకాయ నిక్షేపంగా తింటూ ఉండేవాణ్ణి.

అసలు కారు కొనవలసిన ఖర్మ ఎందుకు పట్టిందో చెబుతాను. అప్పట్లో నేను మా ఊరి రైసుమిల్లులో గుమాస్తాని. ఊరు ద్రాక్షారామానికి కూతవేటు దూరం. నాలాంటివాడు కోపంగా కూస్తే ఇంకా దగ్గర. మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. ఆ బడి మాత్రం గోదావరి అవతల, లంకలో. కోడి కళ్ళు నలుపుకునే వేళకి ఆవిడ వంట ముగించి, మొదటి బస్సు పట్టుకుని కోటిపల్లి రేవుకి పోయి, పడవెక్కి, దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి బడికి చేరేది. సాయంత్రం అదే దారి వెనక్కి. వరదొస్తే పడవ ఉండదు. పడవ లేక బడికి రాలేదంటే, ఎందుకు రాలేదో రాసివ్వమనేవారు. చీర కుచ్చెళ్ళలో ఆవిడ మోసుకొచ్చిన ఇసకని పారబొయ్యకుండా దాచి ఉంటే నేనొక మేడ కట్టి, పైన పిట్టగోడ కూడా లేపి ఉండేవాణ్ణి. రాత్రి పక్క దులిపితే ఇసక. సాంబారులో ఇసక. నా కళ్ళజోడు పెట్టెలో ఇసక. ఏళ్ళ తరబడి గోదావరి మా ఇంట్లోకి వాయిదాల మీద మకాం మార్చింది.

కనీసం రేవుదాకా అయినా ఆవిణ్ణి సుఖంగా దింపుదామని పాలకొల్లులో ఒక బ్రోకరు దగ్గర పాత కారు కొన్నాను. పెసరట్టు రంగు. అదీ మాడిన పెసరట్టు. ముందు తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది, వెనక తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది. అంటే ఎవరో ఒకరు ఎప్పుడూ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. హారను నొక్కితే వైపరు కదిలేది.

"పాస్టరుగారి బండండి ఇది," అన్నాడు బ్రోకరు, బానెట్టు మీద ప్రేమగా నిమురుతూ. "ఆదివారం చర్చికెళ్ళడం, ఇంటికి రావడం. అంతకు మించి లోకం తెలీదండి దీనికి."

"స్టార్టింగు ఎలా ఉంటుందండీ?"

"ఏంటండీ గురువుగారూ ఆ మాట! తాళం చూపిస్తే చాలండి, ఒణుకుతాది."

తీరా తాళం నా చేతిలో పెట్టేశాక, వీధి చివరిదాకా సాగనంపి అప్పుడు చెప్పాడు: "ఒక్కటేనండి. సాయంత్రం ఇంటికెళ్ళగానే బ్యాటరీకున్న వైరు ఊడదీసెయ్యండి. పొద్దున్నే తగిలించుకోండి. ఎక్కడో చిన్న లీకుందండి, ఊరుకుంటే రాత్రంతా కరెంటు తాగేస్తాది."

ఇంటికొచ్చి డిక్కీ తెరిస్తే కోడి ఈకలు. ఒకటీ అరా కాదు, దిండు కుట్టుకోవచ్చు. పందెం కోడిని కట్టే తాడు ముక్క కూడా ఉంది. పాస్టరుగారు కోడిపందాలకి వెళ్ళారని నేను కలలో కూడా అనుకోను. ఆ బండి జన్మలో ఏ పాస్టరుగారి మొహమూ చూసి ఉండదు. చూసి ఉంటే దాని బుద్ధి అలా ఉండేది కాదు.

ఇక దాని బుద్ధి గురించి. ఆ కారు ఎప్పుడూ స్టార్టవ్వదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పనికిమాలిన ప్రయాణం ఏదైనా పెట్టండి, తాళం తిప్పకముందే బయల్దేరిపోతానన్నంత ఉత్సాహం దానికి. పకోడీలకి ద్రాక్షారామం వెళ్దామంటే ఒక్క తిప్పుకి అందుకునేది. ఊరికే వానలో తిరిగొద్దామంటే అరతిప్పు చాలు. రోజూ మా ఆవిణ్ణి రేవులో దింపడానికి కూడా పెద్దగా పేచీ పెట్టేది కాదు. కానీ అసలైన పని ఏదైనా వచ్చిందా, చచ్చిన గేదె నయం. మా మరదలి నిశ్చితార్థానికి పిఠాపురం వెళ్ళాలి, "టిక్" అని ఊరుకుంది. అందరం పట్టుబట్టలతో కాలవ గట్టుదాకా తోశాం. పిఠాపురంలో దిగేసరికి మా వాలకం చూసి పెళ్ళివారు మమ్మల్ని వంటవాళ్ళనుకుని పెరట్లోకి దారి చూపించారు. మా అమ్మకి కళ్ళు చూపించడానికి రాజమండ్రి ఆసుపత్రికి వెళ్ళాలి, మళ్ళీ "టిక్". మిల్లు ఓనరుగారి ఇంట్లో పెళ్ళికి వెళ్ళాలి, "టిక్". పెద్ద పనికీ చిన్న పనికీ తేడా ఆ ఇనప ముద్దకి ఎవరు చెప్పారని నేను వీధిలో నిలబడి అరిచేవాణ్ణి. జనం నా మీద జాలిపడేవారు. నాకు జాలి అంటే ఒళ్ళు మంట.

ఈ మంటకి నెయ్యి పోసేవారు మా ఎదురింటాయన. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావగారూ అని పిలుచుకుంటాం. ఆయన పెద్ద రైతు. కాలవ పొడవునా ఎవరి నీళ్ళ ఇంజను మొరాయించినా ఆయన్నే పిలుస్తారు. నీళ్ళు తోడే డీజిలు ఇంజను ఆగిపోతే నూటికి తొంభైసార్లు పైపులో గాలి పట్టి ఉంటుంది. నట్టు వదులు చేసి గాలి తీస్తే నడుస్తుంది. ఆయన జీవితంలో నేర్చుకున్న వైద్యం అదొక్కటే. దానితో ఆయన లోకాన్నంతటినీ బాగుచేయడానికి సిద్ధంగా ఉండేవారు. మా కారు పెట్రోలుతో నడుస్తుందని నేను ఎన్నిసార్లు చెప్పినా, "ఇంజనన్నాక గాలి పట్టదేంటండీ బావగారూ" అని స్పానరు పట్టుకుని వచ్చేసేవారు. మిక్సీ తిరగకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా గాలే. ఓసారి నాకు నడుం పట్టేసింది. నా మొహం చూసి ఆయన చెయ్యి స్పానరు మీదికి వెళ్ళడం నేను స్వయంగా చూశాను.

ఇంట్లో మా అమ్మ వైద్యం వేరు. కొన్నరోజునే ద్రాక్షారామం గుళ్ళో పంతులుగారి చేత పూజ చేయించినా, అది సరిపోలేదని ఆవిడ ఉద్దేశం. ఆవిడ ఇంట్లో ఇనుమన్నది దేన్నీ వదలదు. కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, బోరింగు పంపు, అన్నింటికీ పసుపు, కుంకుమ. కారుకి బయట బొట్టు పెడితే లోపలున్నదానికి ఎలా తెలుస్తుందని, బానెట్టు ఎత్తించి మరీ పెట్టేది. నేను బానెట్టు ఎత్తితే లోపల ఇంజనుకు బదులు అమ్మవారి జాతర కనిపించేది. మొదట్లో చూసి చిరాకుపడేవాణ్ణి. తరవాత ఆ పసుపు నా కంటికి ఇంజను రంగులో కలిసిపోయింది.

ఇలా ఉండగా, ఆ వేసవి చివర్లో టీచర్ల బదిలీలు పడ్డాయి. కాకినాడలో కౌన్సెలింగ్. సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. ఖాళీగా ఉన్న బళ్ళలో ఇష్టమైనది కోరుకోవచ్చు. పిలిచినప్పుడు ఎదురుగా లేకపోతే, అందరూ ఏరుకోగా మిగిలినదే గతి. మా ఊరి బళ్ళోనే ఒక ఖాళీ వచ్చింది. ఆ బడి గంట మా వంటింట్లోకి వినిపిస్తుంది. మా ఆవిడ కంటే ముందున్నవాళ్ళెవరికీ మా ఊరితో పనిలేదు. వెళ్ళి నిలబడితే చాలు, బడి ఆవిడదే. ఆ వారమంతా ఆవిడ గంట మోగినప్పుడల్లా చెయ్యి కడుక్కుంటూ ఆగి వినేది.

సరిగ్గా ఆ వారమే బస్సుల సమ్మె.

కౌన్సెలింగ్ రోజు పొద్దున్న రోడ్డు మీద చక్రమున్నదేదీ మిగల్లేదు. ఆటోలు జనాన్ని మామిడిపళ్ళలా కుక్కుకుని తెల్లారేసరికి వెళ్ళిపోయాయి. ముందురోజు తొలకరి పడి మా వీధి నల్లమట్టి జావయిపోయింది. మా ఆవిడ ఉప్పాడ చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, వెనక సీటులో కూర్చుంది. మా అమ్మ అరుగు మీద హారతి పళ్ళెంతో సిద్ధంగా ఉంది. నేను అలవాటు ప్రకారం మసక వెలుతురులో బ్యాటరీ వైరు తగిలించి, వచ్చి కూర్చుని, తాళం తిప్పాను.

టిక్.

మళ్ళీ తిప్పాను. టిక్. ఆ చప్పుడు మీరు విని ఉండరు. పెద్దమనుషుల్లో మాట్లాడుతుండగా ఎవరో నాలిక చప్పరించినట్టు ఉంటుంది. నేను దిగి టైరుని తన్నాను. చెప్పు బురదలో ఉండిపోయింది, కాలు మాత్రం వెనక్కొచ్చింది.

"ఏంటి బావగారూ, మళ్ళీనా?" ఎదురింటి అరుగు మీంచి బావగారు లేచారు. స్పానరు అప్పటికే చేతిలో ఉంది. ఆయన స్పానరుతో నిద్రపోతారని నా అనుమానం.

"గాలి అన్నారంటే మర్యాద దక్కదండి."

"మర్యాదకేముందండీ, ముందు గాలి తీద్దాం."

"మీ ట్రాక్టరు తెండి. కట్టి లాగుదాం."

"దమ్ముచక్రాలు కట్టేసి చేలో ఉందండి. ఇప్పుడు రోడ్డెక్కితే రోడ్డుని కూడా దున్నేస్తాది."

చేలో బురద తొక్కడానికి కట్టే ఆ ఇనప చక్రాలు విప్పేసరికి మా ఆవిడ రిటైరైపోతుంది. పోనీ తోద్దామా అంటే, మేమిద్దరం తోస్తే చక్రాలు తిరగకుండా బురదలో పడవలా జారుతున్నాయి. ఇంకా తోస్తే కారు నేరుగా కాలవలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి గోదావరిలో కలిసి, మా ఆవిడ సీటులోంచి దిగకుండానే పాత బడికి చేరుకునేది.

ఈలోగా బావగారు పెట్రోలు పైపు విప్పేశారు. పెట్రోలు నా చొక్కా మీద చిమ్మింది. "అదిగో, వచ్చింది గాలి!" అన్నారు. నాకు వచ్చింది వాసన. మళ్ళీ బిగించి తిప్పితే, టిక్. ప్లగ్గులు విప్పారు, ఊదారు, పంచెతో తుడిచారు, బిగించారు. టిక్. అప్పుడు నేను నోరు విప్పాను. బ్రోకరుతో మొదలుపెట్టి, కారు కనిపెట్టినవాణ్ణీ, చక్రం కనిపెట్టినవాణ్ణీ, గోదావరి మధ్యలో లంకలు పెట్టినవాణ్ణీ, ఆ లంకలో బడి పెట్టినవాణ్ణీ వరసగా తిట్టాను. నా గొంతుకి చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. నిజానికి నేను తిట్టదలుచుకున్నది ఇవేవీ కావు. అద్దంలో వెనక సీటు కనిపిస్తోంది. ఆవిడ అరచేతులు రెండూ సంచీ మీద బోర్లించి కదలకుండా కూర్చుంది. పడవ కోసం రేవులో అలాగే కూర్చుంటుంది. అది చూసి నాకు ఒళ్ళు తెలీలేదు.

కాసేపటికి ఆవిడ కిటికీ అద్దం మీద కొట్టింది. వెనక తలుపు బయటినుంచి నేను తీయాలి కదా, దిగి తీశాను.

"ఏమండీ, మీరు తిట్టడం అయిందా? వెళ్ళి హెడ్‌లైట్లు వెయ్యండి."

"పట్టపగలు లైట్లెందుకు?"

"వెయ్యండంటున్నానా."

వేశాను. ఎదురింటి గోడ మీద వెలుగు పడింది.

"ఇప్పుడు తాళం తిప్పండి."

తిప్పాను. టిక్ అంది. గోడ మీద వెలుగు చప్పున ఆరిపోయింది. తాళం వదిలేస్తే మళ్ళీ వెలిగింది. ఇంకోసారి చేయించింది. ఇంకోసారి ఆరింది, వెలిగింది.

"బ్యాటరీలో కరెంటుంది," అంది ఆవిడ, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బురదలోకి దిగుతూ. "దీపానికి సరిపడా కొంచెం వస్తోంది. ఇంజను తిప్పాలంటే బోలెడు కావాలి, అంత రాలేకపోతోంది. దారిలో ఏదో అడ్డముంది. లంకలో నా పిల్లలకి కూడా తెలుసీ పాఠం."

"అడ్డం అంటే గాలేనండి టీచరుగారూ," అన్నారు బావగారు ఆశగా.

ఆవిడ పిల్లాడి చేతిలోంచి బలపం లాక్కున్నట్టు స్పానరు లాక్కుని, నేను తగిలించిన బ్యాటరీ వైరు ఊడదీసింది. వైరు చివరున్న బిళ్ళని తిప్పి నాకు చూపించింది. లోపలంతా పసుపు. ఊరికే అంటిన పసుపు కాదు. నూనెలో మెదిపి, ముద్దచేసి, శ్రద్ధగా పట్టించిన పసుపు. బ్యాటరీ మీద పైకి పొడుచుకొచ్చిన సీసం గుబ్బకీ అదే పూత, మధ్యలో కుంకుమ బొట్టు. రోజూ సాయంత్రం నేను వైరు ఊడదీస్తాను. ఆ గుబ్బ బోసిగా కనిపిస్తుంది. పొద్దున్న ఆ పూత మీదే బిళ్ళ దిగేసి బిగిస్తాను.

నేను మెల్లగా అరుగు వైపు తిరిగాను.

"అమ్మా. బ్యాటరీకి పసుపు రాశావా?"

"రాయకుండా ఎలా పంపుతానురా? అమ్మాయికి ఇవాళ పెద్ద పని. రాలిపోకుండా నువ్వుల నూనె వేసి కలిపాను."

"పిఠాపురం వెళ్ళినప్పుడు?"

"రాశాను."

"రాజమండ్రి?"

"రాశాను. పెద్ద పనులకే రాస్తాను, పకోడీలకి కూడా రాస్తారేంట్రా ఎవరైనా? అయినా కదల్లేదు కదా మాయదారి బండి. అందుకే ఈసారి దిట్టంగా పట్టించాను."

చూశారా? పని ఎంత పెద్దదైతే పసుపు అంత మందం. పసుపు ఎంత మందమైతే బండి అంత మొండి. బండి ఎంత మొండికేస్తే తరవాతసారి పసుపు అంత దిట్టం. ఇన్నాళ్ళూ ఆ ఇనప ముద్దకి పెద్ద పనేదో ఎవరు చెప్పారని వీధిలో అరిచానే, చెప్పింది మా అమ్మ. నాకు అరికాలినుంచి బయల్దేరిన కోపం మోకాళ్ళ దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, పుర్రెదాకా వచ్చింది. నోరు తెరిచాను. ఆ రోజు నేను అనబోయిన మాటలు అని ఉంటే ఎదురింటి గోడ బీటలు వారేది.

"అరవడం దారిలో అరుద్దురుగాని," అంది మా ఆవిడ. "అత్తయ్యగారూ, కొంచెం చింతపండూ కొబ్బరిపీచూ తెస్తారా?"

"ఎందుకమ్మాయ్?"

"పసుపు కరెంటుకి అడ్డం పడిందండి."

"పసుపు అడ్డం పడితే అదేం కరెంటే?" అంటూనే మా అమ్మ లోపలికెళ్ళి తెచ్చింది. తెచ్చి ఊరుకోలేదు. ఇత్తడి బిందె తోమినట్టు తనే ఆ గుబ్బా, బిళ్ళా తళతళలాడేలా తోమి, పైట చెంగుతో తుడిచింది. నేను వైరు బిగించి, తాళం తిప్పాను. కారు ఒక్క పెట్టున అందుకుంది, అసలేమీ జరగనట్టు, నేనే ఆలస్యం చేసినట్టు. బావగారు చప్పట్లు కొట్టారు. "చెప్పానా, గాలంతా పోయింది!"

కాకినాడదాకా దారి పొడవునా జనం చేతులెత్తారు. నేను ఒక్కరి కోసమూ ఆపలేదు. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదో. ఎడ్లబండి అడ్డమొస్తే చేలోంచి పోదామని కూడా చూశాను. దారంతా అరవమని ఆవిడ అనుమతి ఇచ్చింది కదా, అరుద్దామంటే ఒక్క మాటా రాలేదు. ఆఫీసు గేటు దగ్గర ఇంజను ఆపకుండానే దిగి, పరుగెత్తి వెనక తలుపు తీశాను. ఆవిడ లోపలికి పరుగెత్తింది. నేను ఇంజనుని దడదడలాడిస్తూ అక్కడే కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి ఆపమన్నాడు. ఆపనన్నాను. పక్కనున్న కొబ్బరిబొండాలాయన పొగ అన్నాడు. పీల్చుకోమన్నాను.

ఆవిడ బయటికి వచ్చేటప్పుడు మామూలుగా నడిచి వచ్చింది. దానితో నాకర్థమైపోయింది.

"పిలిచేశారు," అంది, ఈసారి ముందు సీటులో కూర్చుంటూ. "మన ఊరిది, నా తరవాత ఆవిడ తీసుకుంది. ఆవిడకి మన ఊరు ఎక్కడుందో కూడా తెలీదు. నన్నే అడిగింది, దారి ఎలాగండీ అని."

"చెప్పావా?"

"చెప్పాను. ఏం చెయ్యను మరి."

స్టీరింగు పీకి ఆ ఆఫీసు మీదికి విసురుదామనిపించింది. గట్టిగా లాగితే ఊడి వచ్చేదే కూడా.

"మరి నీకు?"

ఒక పేరు చెప్పింది. మా కాలవ చివర, చేల మధ్య, చిన్న పేట.

"గోదావరికి ఇటేనా?"

"ఇటే. పడవ లేదు."

"బస్సు?"

ఆవిడ కారు లోపలంతా ఓసారి చూసింది. చిరిగిన పైకప్పు గుడ్డ, ఊడిన అద్దం పిడి, హారను, నేను.

"సమ్మె లేనప్పుడు కూడా బస్సు లేదటండి," అంది.

అలా ఆ కారు నాకు జీవితఖైదు అయింది. ఆ తరవాత ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం నేను ఆ తాళం తిప్పాను. ఆ పేటకి గుంటలే తప్ప రోడ్డు లేదు. నా నడుం ఇప్పుడున్న వంకరకి ఆ దారే కారణం. ఆ వంకర చూసి బావగారు గాలి అంటారు.

మా అమ్మ తప్పు ఒప్పుకుందా? ఆ ఊసే లేదు. కొత్త బడి మొదటిరోజు సాయంత్రం మా ఆవిడ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తే, మా అమ్మ వంగి ఆవిడ చీర అంచు పట్టుకుని దులిపింది. గచ్చు మీద ఏమీ రాలలేదు. మా అమ్మ లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా వైపు తిరిగింది.

"చూశావురా? నేను పసుపు రాయబట్టి ఇటు పక్కన పడింది. నువ్వు చేసిన ఆలస్యానికి మళ్ళీ లంకే పడేది."

నేను మా ఆవిడ వైపు చూశాను, న్యాయం చెబుతుందేమోనని. ఆవిడ తడికాళ్ళతో వంటింట్లోకి వెళ్ళిపోతూ, "అత్తయ్యగారూ, ఇకనుంచి నాలుగు టైర్లూ మీవి, ఎంత రాస్తారో రాయండి. బానెట్టు మాత్రం ఎత్తొద్దు" అంది.

ప్రతి శుక్రవారం మా అమ్మ టైర్లకి పసుపు రాసేది. నేను అరుగు మీద కూర్చుని, బానెట్టుకి కొత్తగా వేయించిన తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, ఆవిణ్ణి గుడ్లురిమి చూస్తూ కాపలా కాసేవాణ్ణి.